సైకిల్ బ్యాగులో ముడుపు

ఆ రోజు షాపులో నేను చెంబుడు నీళ్లు పోసింది బ్యాగు మీదే, ఆ అబ్బాయి మీద కాదు. అతని ప్యాంటు తడిసిందంటే బ్యాగుకి అంత దగ్గరగా నిలబడడం అతని తప్పు.

"అమ్మా! ఏం చేస్తాండారు?" అని వెనక్కి దూకాడు.

"నువ్వే కదప్పా వానకు తడవదన్నావు? సూస్తాండా."

"వాన అన్నాను గానీ చెంబు అన్లేదు కదమ్మా!"

"మేఘం పోస్తే ఒక రకం, నేను పోస్తే ఒక రకమా? నీళ్లు నీళ్లే."

బ్యాగు లోపల చెయ్యి పెట్టి చూశాను. అడుగున చల్లగా తడి తగిలింది. ఆ చెయ్యి తీసి అతని మొహం ముందు ఆడించాను.

"ఇదేంది మరి?"

"రెయిన్ కవర్ వేసుకుంటేనే వాటర్‌ప్రూఫ్ అమ్మా. కవర్ లోపల జేబులో ఉండాది."

"లోపల జేబులోనా! గొడుగును బీరువాలో పెట్టి తాళమేసి, వానలో నడవమంటాండావా నా బిడ్డను?"

నా పక్కన మా హేమశ్రీ చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. నా మాటలకు సిగ్గుపడుతోందని అనుకున్నాను. చున్నీ చాటు నుంచి, ప్యాంటు అంచు పిండుకుంటున్న ఆ అబ్బాయిని చూసి నవ్వుతోందని అప్పుడే తెలిసుంటే రెండో చెంబు అతని నెత్తినే పోసేదాన్ని.

అతని పేరు శేషసాయి. తిరుపతిలో సైకిళ్లూ, సైకిళ్ల మీద దూరాలు పోయేవాళ్లకు కావలసిన సామాన్లూ అమ్ముతాడు. వాళ్ల నాన్నకి దేవస్థానంలో ఉద్యోగం. కొండ కింద పుట్టి పెరిగిన పిల్లవాడు అబద్ధం చెప్పడని నమ్మి పోయాను. చూశారు కదా!

అసలు ఈ గొడవంతా మా ఆయన కోదండం వల్ల వచ్చింది. మాది నగరి. ఇంటి వెనక షెడ్డులో మరమగ్గాలు ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆ చప్పుడులోనే ఉండి ఉండి, ఎవరు ఏం చెప్పినా "ఊఁ" అనడం ఆయనకు అలవాటైపోయింది. ఆ సంగతి తెలిసే హేమ ఆయన్ని మగ్గం దగ్గర పట్టుకుంది.

"నాయనా, దసరా సెలవుల్లో మా సైకిల్ క్లబ్బోళ్లతో రామేశ్వరం పోతాండా. సైకిల్ మీద."

"ఊఁ."

అంతే, అనుమతి అయిపోయింది! రామేశ్వరానికి బస్సులు లేవా, రైళ్లు లేవా? ఆ దారిలో ఇసుక లారీలు, కుక్కలు, ఎండ, వాన. సైకిల్ చక్రం పంక్చరైన చోట మనిషి ఉంటాడో లేడో. పుత్తూరు బళ్లో లెక్కలు చెప్పే పిల్ల. రోజూ సైకిల్ మీద పుత్తూరు పోయి వస్తుంటేనే, అది సందు మలుపు తిరిగి కనబడేదాకా నాకు నోట్లో ముద్ద దిగదు.

ఏడ్చాను, అరిచాను. ఆఖరికి ఒక షరతు పెట్టాను.

"బ్యాగులు నాకు నచ్చాల. నచ్చినాయని నా నోటితో నేను చెబితేనే నువ్వు పోవాల."

"సరే మా" అని వెంటనే ఒప్పుకుంది.

నేనూ లోపల ధైర్యంగానే ఉన్నాను. నేను వంక పెట్టలేని బ్యాగు ఈ భూమ్మీద ఇంకా కుట్టలేదు.

ఆ షాపు గోడ మీద ఒక బోర్డు ఉంది. 'వాడి చూడండి. నచ్చకపోతే మార్చి ఇస్తాం.' అతనే రాసుకున్న మాట. ఆ మాట నేను పట్టుకున్నానంటే నన్ను అనడానికి లేదు.

సైకిల్ వెనక క్యారియర్‌కి రెండు పక్కలా వేలాడే ఆ సంచుల్ని ప్యానియర్లు అంటారట. గాడిద మీద ఉప్పు మూటలు వేసినట్టు ఉంటాయి. రెండో ఆదివారం వాటిని తీసుకుపోయి కౌంటర్ మీద పెట్టాను.

"తొక్కేటప్పుడు మడమ దీనికి తగిలితే? సైకిల్ తూలితే? ఎనకాల లారీ వస్తా ఉంటే?"

"కొంచెం ఎనక్కి జరిపి తగిలిస్తే మడమ తగలదమ్మా."

"నువ్వు చెబితే సరిపోదు. అది తొక్కుతాది. నువ్వు కింద కూర్చోని సూడు."

సైకిల్‌ని స్టాండు మీద ఎత్తి నిలబెట్టాం. హేమ ఎక్కి తొక్కింది. అతను నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"తగిలిందా?" అన్నాను.

"ఇంకొంచెంసేపు సూడాలమ్మా."

"ఇప్పుడు?"

"కొంచెం స్పీడుగా తొక్కమనండి."

హేమ తొక్కుతూనే వంగి చూసింది. "ఏమండీ, మీరు సూస్తా ఉండేది మడమనా, పట్టీలనా?"

"పట్టీ కూడా హుక్కులో ఇరుక్కునే ప్రమాదం ఉండాదండీ. సేఫ్టీ."

"మువ్వలెన్నో చెప్పండి సూద్దాం!"

"ఎడమ కాలికి ఒకటి ఊడిపోయినాది. అది కూడా సేఫ్టీ కోసమే సూసినా."

నేను సంతోషించాను. ఎంత బాధ్యత తెలిసిన పిల్లవాడు, ఊడిపోయిన మువ్వ కూడా కనిపెట్టాడు అనుకున్నాను. ఎంత మోసం! నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని, నా నోటితోనే చూడమనిపించుకుని!

తరవాతి బ్యాగులు నల్లవి. రాత్రిపూట లారీవాడికి కనబడవని తిప్పి ఇచ్చాను. అతను మెరిసే స్టిక్కర్లు అంటించి ఇచ్చాడు. దొంగలకి దూరం నుంచే కనబడతాయని మళ్లీ తిప్పి ఇచ్చాను. ఇంకో జత తెచ్చాక, నూలు తూచే మా తక్కెడకి చెరొక పక్కా తగిలించి చూస్తే, ఎడమది కిందికి దిగింది. అప్పుడే స్పీకర్‌లో పెట్టి ఫోన్ చేశాను.

"ఎడమ పక్క మొగ్గుతాంది. బిడ్డ ఎడమ పక్క కాలవలో పడాల్నా?"

"ఎడమ దాంట్లో ఏం పెట్టినారమ్మా?"

"ఏముండాది, నిమ్మకాయ పచ్చడి, చెనిక్కాయ ఉండలు, స్టీలు క్యారియర్..."

"కుడి దాంట్లో?"

"దాని బట్టలు."

"పచ్చడి కుడి పక్కకి మార్చి సూడండమ్మా" అన్నాడు. వెనక నుంచి హేమ పడీపడీ నవ్వింది. "గాజు సీసా అయితే వద్దని చెప్పండి మీ అమ్మాయికి" అని కూడా అన్నాడు. నాకు చెప్పాల్సిన మాట దానికి చెప్పమనడం ఏమిటి?

అన్నిటికంటే వింత, ఆదివారం వచ్చేసరికి హేమ నాకంటే ముందు తయారయ్యేది. జడలో పూలు. కాలికి కొత్త మువ్వ.

"అమ్మా, ఈ బ్యాగు హుక్కు లూజుగా ఉండాదేమో సూడు. మార్చుకోని వద్దామా?" అని వంక కూడా తనే అందించేది.

నా కూతురికి బుద్ధి వచ్చింది, రామేశ్వరం మీద మనసు విరిగింది అని దేవుడికి దండం పెట్టుకున్నాను.

సెలవులు దగ్గరకొచ్చాయి. ఆఖరి బ్యాగులు ఇచ్చాడు. మూతి మూడు మడతలు చుట్టి, రెండు పక్కలా క్లిప్పు నొక్కి పెట్టే రకం. తలకిందులు చేశాను, లాగాను, మా మగ్గాల షెడ్డు ముందు నిలబడి బిందెడు నీళ్లు పోశాను. లోపల పొడిగా ఉంది. మడమకి తగల్లేదు. హుక్కు ఊడలేదు. ఇదే గనక నచ్చిందని చెప్పాల్సి వస్తే, ఎల్లుండి ఆ పిల్ల రోడ్డు మీద ఉంటుంది.

తెల్లవారి తలస్నానం చేశాను. పసుపు గుడ్డలో రూపాయి కట్టి, కుంకుమ పెట్టి ముడుపు కట్టాను. 'స్వామీ, ఈ ప్రయాణం ఆపు. కొండకు నడిచి వస్తాను' అని మొక్కుకున్నాను. దాన్ని తీసుకుపోయి కుడి బ్యాగు లోపలి అరలో పెట్టాను. ఎన్నో ఊళ్ల వాళ్లు ఎన్నో ప్రయాణాల గురించి ఆయనకి మొక్కుకుంటూ ఉంటారు. ఏది ఆపాలో ఆయనకి పొరపాటు రాకూడదు కదా.

స్వామి ఎంత త్వరగా విన్నాడో! అన్నం వండుతుంటే తట్టింది. ఈ బ్యాగుకి జిప్పు లేదు. క్లిప్పు నొక్కితే చాలు, ఎవడైనా లోపల చెయ్యి పెట్టొచ్చు. గబగబా బ్యాగులు సర్దుకుని, హేమను లాక్కుని తిరుపతి బస్సెక్కాను.

ఆ రోజు శేషసాయి వాదించలేదు. బ్యాగులు తీసుకుని పక్కన పెట్టాడు.

"ఇంక వేరే రకం లేదమ్మా నా దగ్గర" అన్నాడు మెల్లగా.

హేమ అతని వైపు చూసింది. అతను బోర్డు వైపు చూశాడు. నేను గెలిచాను.

బస్సు వడమాలపేట దాటుతుంటే గుర్తొచ్చింది. ముడుపు! ముడుపు ఆ బ్యాగులోనే ఉంది!

ఫోన్ చేశాను. మోగుతోంది గానీ ఎత్తడు. ఆ బ్యాగు ఇంకెవరికైనా ఇచ్చేస్తే? ఎవరో విప్పి చూస్తే? కాళ్ల కింద పడేస్తే? నా కంగారు చూసి హేమ ఏమిటని అడిగింది. చెప్పక తప్పలేదు.

"ఏమని మొక్కినావు?"

"ఏముంటాది... క్షేమంగా..."

"నా మొహం సూసి చెప్పు మా."

చెప్పాను. పుత్తూరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నా వైపు తిరిగేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇన్ని వారాలు నువ్వు తిప్పి పంపిచ్చింది బ్యాగుల్ని కాదు మా. నన్ను."

"నీ మంచికే కదే..."

"నేను లారీ కింద పడేది అనుకున్నావు. కాలవలో పడేది అనుకున్నావు. నేను తిరిగొచ్చి మన వాకిట్లో సైకిల్ దిగేది ఒక్కసారన్నా అనుకున్నావా? ఒక్కసారి?"

అనుకోలేదు. ఆ మాట పైకి చెబుతానా? "తల్లితో ఇట్లనా మాట్లాడేది!" అని కోప్పడ్డాను. బస్సులో అందరూ చూశారు. చూడనీ.

ఇంటికొచ్చేసరికి వాన పట్టుకుంది. షెడ్డులో మగ్గాలు ధడధడమని ఆడుతున్నాయి. హేమ గదిలో తలుపేసుకుంది. నేను దేవుడి పటం ముందు కూర్చుని, నా ముడుపు ఎక్కడుందో అని కుమిలిపోతున్నాను. వాకిట్లో సైకిల్ బెల్లు మోగింది.

శేషసాయి. నెత్తి నుంచి కాళ్ల దాకా ధారలు. సైకిల్‌కి ఒకే ఒక్క బ్యాగు, కుడి పక్క.

"అమ్మా, మీ ముడుపు."

"ఇంత వానలో సైకిల్ మీద వచ్చినావా? బుద్ధుందా నీకు? ఫోన్ ఎందుకు ఎత్తలేదు?"

"తొక్కేటప్పుడు ఫోన్ ఎత్తనమ్మా. సేఫ్టీ."

"బస్సులో రాకూడదా?"

"బస్సులో రద్దీ. జనాల కాళ్ల కాడ పెట్టాల్సొస్తాదని మా అమ్మ వద్దనింది. ఒకరి ముడుపు మన ఇంట్లో నిద్ర చేయకూడదు, కట్టిన చేతికే అందియాల అని నన్ను వెంటనే తరిమింది."

క్లిప్పులు విప్పి, మడతలు తీసి, బ్యాగు నా ముందు పట్టుకున్నాడు. నేను చెయ్యి పెట్టి తీశాను. పసుపు గుడ్డ నా వేళ్లకి పొడి పొడిగా అంటింది. కుంకుమ బొట్టు పెట్టినది పెట్టినట్టే ఉంది. తిరుపతి నుంచి నగరి దాకా వానలో వచ్చి ఒక్క చుక్క చెమ్మ లేదు! జిప్పు కూడా లేని బ్యాగుకి అంత పొగరా? దాని మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

మా ఆయన అతన్ని షెడ్డులోకి తీసుకుపోయాడు, అక్కడ వెచ్చగా ఉంటుందని. హేమ తలుపు తీసుకుని తుండుగుడ్డ పట్టుకుని వెళ్లింది. నేను కాఫీ పెడుతున్నాను. షెడ్డులో మగ్గాలు ఆడుతుంటే పక్క మనిషికి చెప్పాలన్నా గొంతు చించుకోవాలి. వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో నాకేం వినబడుతుంది?

ఉన్నట్టుండి కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో శేషసాయి గొంతు వీధి చివరి దాకా వినబడింది.

"...రామేశ్వరం నువ్వు రాకపోతే నేనూ పోను! నువ్వంటే నాకు ఇష్టం హేమా!"

ఎదురింటి పంకజాక్షి కిటికీ తలుపు కిర్రుమంది.

"అరవద్దండీ" అంది హేమ మెల్లగా. "కరెంటు పోయింది." ఇంకా మెల్లగా, "నాకు కూడా" అంది.

మా ఆయనకి ఇన్నేళ్లలో మొదటిసారి ఒక మాట స్పష్టంగా వినబడినట్టుంది. "వనజా, ఏమంటాండాడే ఆ పిల్లోడు?" అని నన్ను అడిగాడు. అడగాల్సిన మనిషి పక్కనే ఉంటే నన్ను అడగడం!

పంచదార డబ్బా చంకలో పెట్టుకుని, కాఫీ గ్లాసుతో షెడ్డులోకి పోయాను.

"రామేశ్వరం నువ్వు కూడా పోతాండావా?"

"ఆ టూరు తీసుకోనిపోయేదే నేను కదమ్మా."

"ఈ సంగతి నాకెందుకు చెప్పలేదే?" అని హేమ మీద పడ్డాను.

"నువ్వు ఎప్పుడూ బ్యాగుల గురించే కదమ్మా అడిగినావు!"

ప్రతి ఆదివారం బస్సు చార్జీలు పెట్టి, దగ్గరుండి, నేనే ఈ పిల్లను ఆ షాపుకి తీసుకుపోయాను. కూర్చోబెట్టి మడమలు చూపించాను. ఇంత అన్యాయం ఏ తల్లికైనా జరిగిందా?

శేషసాయి కాఫీ తాగలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నా సంగతి తరవాత తిట్టుకోండి. బ్యాగు సంగతి చెప్పండి. నచ్చిందా?"

హేమ నా వైపు చూడలేదు. తడిసిన బ్యాగు వైపు చూస్తోంది. లేదంటే చాలు, ఈ పిల్ల ఇంకెప్పుడూ రామేశ్వరం పేరెత్తదు. రోజూ పుత్తూరు పోయి వస్తుంది, అన్నం తింటుంది, నాతో మాట్లాడుతుంది. కానీ బస్సు కిటికీలోంచి చూసిన ఆ చూపుతోనే ఉంటుంది. నా గుప్పిట్లో ముడుపు పొడిగా ఉంది.

"నచ్చింది" అన్నాను. "అడుగున ఇంకో వరస మందం గుడ్డ ఏసుంటే బాగుండు" అని కూడా అన్నాను. ఉన్నమాట చెప్పాలి కదా.

హేమ వచ్చి నన్ను ఎంత గట్టిగా పట్టుకుందంటే, చంకలో ఉన్న పంచదార డబ్బా కింద పడింది.

ఆ రాత్రే అతని తల్లి వకుళతో ఫోనులో మాట్లాడాను. ఆపమని కట్టిన ముడుపు ఇది, ఇప్పుడు ప్రయాణం ఆగలేదు, నేనేం చెయ్యాలి అని అడిగాను.

"ఆయన ఆపలేదంటే, ఆపడం ఆయనకు ఇష్టం లేదనే కదమ్మా" అంది ఆవిడ. "ఆ రూపాయి హుండీలో వేసేద్దాం. కొత్త గుడ్డలో ఇంకోటి కట్టుకో. ఈసారి పోవద్దని కాదు, తిరిగి రావాలని కట్టుకో."

తిరిగి రావాలని కట్టాను. ఈసారి బ్యాగులో పెట్టలేదు, దేవుడి గూట్లో పెట్టాను. ఒకసారి అయింది చాలు.

వాళ్లు పోయిన రోజుల్లో నేనెట్లా ఉన్నానో నాకే తెలుసు. మధురైలో వానట. రామనాథపురం దగ్గర గాలికి సైకిల్ ముందుకు పోలేదట. "పచ్చడి అయిపోయిందమ్మా, అందరూ తినేసినారు" అని నవ్వుతూ చెబుతుంది! లారీల సంగతి అడిగితే సముద్రం సంగతి చెబుతుంది.

రామేశ్వరం నుంచి చెన్నైకి రైల్లో వచ్చి, చెన్నై నుంచి మా ఊరి మీదుగా తిరుపతికి తొక్కుతామన్నారు. ఆ రోజు వకుళ కూడా కొడుకుని చూసుకోవడానికి మా ఇంటికి వచ్చింది. క్లబ్బులో మిగతావాళ్లు నేరుగా తిరుపతి దారి పట్టారట. సందు మలుపులో ముందు ఒక బెల్లు, తరవాత ఇంకో బెల్లు మోగాయి. ఇద్దరూ నల్లగా కమిలిపోయి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ వచ్చి వాకిట్లో దిగారు.

అప్పటికే పళ్లెంలో పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఎన్ని ఊళ్ల దిష్టి తగిలిందో!

"ఆడనే నిలబడండి! గడప దాటొద్దు! దగ్గర దగ్గరగా నిలబడండి, పళ్లెం అందొద్దూ?"

ఇద్దరికీ కలిపి తిప్పాను. ఇద్దరి నుదుటికీ బొట్టు పెట్టాను. ఎదురింటి అరుగు మీద నుంచి పంకజాక్షి అరిచింది.

"ఏం వనజక్కా, పెళ్లెప్పుడు చేసేసినావు? మాకు భోజనమన్నా పెట్టలేదే!"

నా చెయ్యి ఆగిపోయింది. కొత్త దంపతుల్ని ఇంట్లోకి పిలుచుకునేటప్పుడు ఇచ్చే హారతి ఇచ్చేస్తున్నాను నేను! దిష్టి తీద్దామని మొదలుపెట్టిన దాన్ని!

"ఆపొద్దు వదినా" అంది వకుళ నా భుజం మీద చెయ్యి వేసి. "సగంలో ఆపకూడదు."

వదినట! ఎవరిని అడిగి కలుపుకుంది వరస? మిగిలింది తిప్పేసి ఎర్రనీళ్లు విసిరాను. సగం పోయి బ్యాగు మీద పడ్డాయి. హేమ వెంటనే క్లిప్పు విప్పి లోపల చెయ్యి పెట్టింది.

"ఒక్క చుక్క పోలేదు మా!"

"నిన్నెవరడిగినారు?" అన్నాను. వకుళ వైపు తిరిగాను. "ఇదిగో, నాకు భయాలు జాస్తి. ప్రతిదానికీ వంక పెడతాను. ముందే అడుగుతాండా. నచ్చకపోతే మార్చి ఇస్తారా?"

వకుళ కొడుకు వైపు చూసింది, నవ్వింది. "ఈ ఒక్కటి మాత్రం మార్చి ఇయ్యం వదినా."

"అయితే చెంబుడు నీళ్లు తీసుకోని రా హేమా."

శేషసాయి మొహంలో నవ్వు పోయింది. హేమ చెంబు తెచ్చి నా చేతికిచ్చి, "అమ్మా, వద్దు మా..." అంటూ పక్కకి జరిగింది.

అతని కాళ్ల నిండా రోడ్డు దుమ్ము. అంత దూరం నా బిడ్డను తీసుకుపోయి, అంత దూరం తిరిగి తెచ్చిన కాళ్లు. వంగి వాటి మీద నీళ్లు పోశాను.

ఈసారి వెనక్కి దూకలేదు.